సోర్వాన్ తలుపు

బ్రెవీన్ లోయలో సోర్వాన్ కార్ఖానాకి ఒక తలుపు ఉంది. బరువైన పాత దేవదారు చెక్క. లోపలివైపు, మనిషి ఛాతీ ఎత్తు నుంచి పైదాకా, గుండ్రటి స్టీలు బిళ్లలు వరసగా మేకులతో దిగ్గొట్టి ఉంటాయి. ప్రతి బిళ్లకీ అంచు దగ్గర ఓ సొట్ట. పక్కన చెక్క మీద ఎవరివో పేర్ల పొడి అక్షరాలు గీసి ఉంటాయి.

అవి వాచీల వెనక మూతలు. సోర్వాన్ వాళ్లు చేసింది సముద్రంలో మునిగేవాళ్ల చేతికి కట్టుకునే వాచీలు. సముద్రానికీ ఆ లోయకీ ఏ సంబంధమూ లేదు. అక్కడున్నది ఆవులూ, మంచూ, చలికి గడ్డకట్టే ఒక సరస్సూ. వాచీలు చేసినవాళ్లలో చాలామందికి ఈత కూడా రాదు. అయినా నీటి చుక్కని లోపలికి రానిచ్చిన వాచీ వాళ్ల దృష్టిలో వాచీయే కాదు. అలాంటిది దొరికితే, దాని మూత బిగించిన మనిషే దాన్ని గడప మీద పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేయాలి. ఆ మనిషే తలుపుకి మేకు కొట్టాలి. అందరూ లేచి నిలబడి చూస్తారు. ఎవరూ తిట్టరు, ఎవరూ ఓదార్చరు. పని కాగానే ఎవరి బల్ల దగ్గరికి వాళ్లు వెళ్లిపోతారు.

మార్లీజ్ గ్రెజే తల్లి పేరున ఆ తలుపు మీద మూడు మూతలున్నాయి. ఆవిడ వాటిని తలుచుకుని సిగ్గుపడిన పాపాన పోలేదు. పైగా, తలుపు మీద ఒక్కటి కూడా లేనివాళ్లని నమ్మొద్దని కూతురికి చెప్పేది. వాళ్లు తప్పు చేయలేదని కాదట, దాచుకున్నారట.

బ్యాటరీ వాచీలు వచ్చి లోయల నడ్డి విరిచిన రోజుల్లో సోర్వాన్ మూతపడింది. అప్పటికి మార్లీజ్ ఇంకా బడికి వెళ్తోంది. తర్వాత ఆమె చదువుకుని, పని నేర్చుకుని, లె లోక్ల్ పట్నంలో పెద్ద పెద్ద కంపెనీల్లో నీటి పరీక్షల విభాగానికి అధికారి అయింది. మంచి ఉద్యోగాలే. కానీ అక్కడ కారిన వాచీలు ఒక ప్లాస్టిక్ డబ్బాలోకి వెళ్లి, డబ్బా ఎక్కడికో వెళ్లిపోయేది. ఆ కారడం ఎవరిదో ఎవరికీ తెలిసేది కాదు, ఎవరికీ అక్కర్లేదు కూడా. ఆ డబ్బాని చూసినప్పుడల్లా ఆమెకి ఒళ్లు మండేది.

అలాంటి సమయంలో వసంతకాలంలో థిబో లవాన్షీ వచ్చాడు. జెనీవాలో ఉంటాడు, నలభై దాటి ఉంటాయి, తాత కట్టుకున్న పాత సోర్వాన్ వాచీ చేతికి ఉంది. సెలవు దొరికితే చాలు, గాలి సిలిండర్ వీపుకి కట్టుకుని జెనీవా సరస్సు అడుక్కి వెళ్లి కూర్చునే మనిషి. సోర్వాన్ అనే పేరుని కొనేశానని చెప్పాడు. సంతలో దూడని కొన్నట్టు పేరుని ఎలా కొంటారో లోయలో చాలామందికి బోధపడలేదు గానీ, కార్ఖానా మళ్లీ ఇక్కడే తెరుస్తానన్నాక ఎవరూ అంత లోతుగా ఆలోచించలేదు.

తాళం తీసి చూపించినవాడు ఫెర్నాఁ బోర్ల్. పాత సోర్వాన్‌లో మెరుగు పెట్టే పని చేసి, ఇప్పుడు ఎనభై దాటి, పైపు తాగడమే పనిగా బతుకుతున్న ముసలాయన. థిబో లోపలికి అడుగుపెట్టి, వెనక్కి తిరిగి తలుపు చూశాడు. చూసి దగ్గరికి వెళ్లాడు. ఒక్కొక్క మూతనీ వేలితో తడిమాడు. ఇవన్నీ లోతులకి వెళ్లి తిరిగొచ్చిన వాచీల మూతలా, ఈ సొట్టలు నీటి ఒత్తిడికి పడ్డవా, గెలిచినవాటికి గుర్తుగా ఇలా కొట్టి ఉంచారా అని అడిగాడు.

ఫెర్నాఁ జేబులో తడుముకుని పైపు వెలిగించుకున్నాడు. అంతే.

దాన్ని థిబో అవునని అనుకున్నాడు. అతని తప్పేం లేదు. ఆ లోయ సంగతి అతనికి తెలియదు. వాళ్ల సోంపు సారాని సర్కారు దాదాపు వందేళ్లు నిషేధించింది. ఆ వందేళ్లూ ప్రతి వంటింట్లోనూ అది కాగుతూనే ఉంది, పోలీసులు వచ్చి అడుగుతూనే ఉన్నారు, వీళ్లు పైపులు వెలిగించుకుంటూనే ఉన్నారు. నిషేధం ఎత్తేశారు గానీ అలవాటు పోలేదు. బయటివాడు ఏదైనా అడిగితే ఆ లోయలో మనిషి అబద్ధం చెప్పడు, నిజమూ చెప్పడు.

ఆ సాయంత్రం ఊరి హోటల్లో ఫెర్నాఁ ఈ సంగతి చెబితే అందరూ కడుపుబ్బా నవ్వారు. కారినవాటిని గెలిచినవనుకున్నాడట, వేలితో నిమిరాడట, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయట. అందరికంటే ఎక్కువ నవ్వింది మార్లీజే. అప్పటికి ఆమెకి కార్ఖానా బాధ్యత అప్పగించడానికి థిబో ఒప్పుకున్నాడు, ఆమె లె లోక్ల్ ఉద్యోగం వదులుకుంది. ఎవరో ఒకరు చెబుతారులే అనుకుంది. ఆ ఎవరో ఒకరు తనే అయి ఉండాలన్నది ఆమెకి తట్టలేదు.

వేసవంతా పని సంబరంగా సాగింది. గోడ మీద పాత అక్షరాల మీదే కొత్తగా రంగు వేశారు. పోర్చుగల్ నుంచి వచ్చి లె లోక్ల్‌లో స్థిరపడిన నూనో అనే కుర్ర వాచీ మెకానిక్కు భార్యాపిల్లల్తో సహా ఊళ్లోకి మారాడు. వాళ్ల ముగ్గురు పిల్లలు వచ్చి చేరడంతో, మూసేద్దామనుకున్న రెండో తరగతి గది మూయకుండా ఆగింది. ఊళ్లో రొట్టెల కొట్టు మళ్లీ ఉదయాన్నే తెరుస్తున్నారు. మార్లీజ్ రోజూ ఆ తలుపు తోసుకుని లోపలికి వస్తూ తల్లి పొడి అక్షరాల మీద ఓసారి అరచెయ్యి ఆనించేది. ఇంత వయసొచ్చాక చిన్నపిల్లలా ఇదేమిటని తనని తనే కసురుకునేది, మర్నాడు మళ్లీ అదే పని.

వేసవి చివర థిబో కొత్త వాచీ మూత బొమ్మ తెచ్చాడు. నున్నటి స్టీలు మూత, అంచు దగ్గర ఓ సొట్ట. తలుపు మీద ఉన్నట్టే, ప్రతి మూతకీ చిన్న సుత్తితో కొట్టించి తెప్పిస్తాడట. సోర్వాన్ వంశచిహ్నం అది అన్నాడు.

మార్లీజ్‌కి నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు పోయింది. అప్పుడే చెప్పాల్సింది. చెప్పకుండా నీళ్లు నమిలింది. అంత బాగాలేదండీ, సాదాగా ఉంటేనే నయం అంది. మీ గొప్ప మీరే దాచుకునే మనుషులు మీరు అని థిబో ఆప్యాయంగా నవ్వాడు. ఊరంతా కలిసి మోస్తున్న ఆ వేళాకోళం అప్పటికి ఎంత పెరిగిపోయిందంటే, దాన్ని ముందుగా కిందికి దించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మూతలు తయారై వచ్చేశాయి.

వాచీలు బిగించారు. సముద్రపు లోతంత ఒత్తిడి పెట్టే పరీక్ష యంత్రంలో పెడితే అన్నీ పాసయ్యాయి. సోర్వాన్‌లో యంత్రం తర్వాత ఇంకో పరీక్ష ఉండేది. అది ఏ చట్టమూ అడగదు. వాచీని ఓ పూట గిన్నెడు నీళ్లలో ఊరికే ఉంచుతారు. తీసి, తుడిచి, వేడి పళ్లెం మీద పెడతారు. అద్దం వెచ్చబడ్డాక దాని మీద ఒక్క చన్నీటి చుక్క వేస్తారు. లోపల తేమ ఉంటే ఆ చుక్క కింద అద్దం మసకబారుతుంది. లేకపోతే లేదు.

మార్లీజ్ చుక్క వేసింది. అద్దం లోపల చిన్న తెల్లటి మబ్బు పట్టింది. ఇంకో వాచీ తీసింది. దానికీ మబ్బే. వరసగా అన్నీ తను బిగించినవే. కారణం కనుక్కోవడానికి ఎంతోసేపు పట్టలేదు. సొట్ట కొట్టినప్పుడు మూత అంచు వెంట్రుకవాసి లేచింది. కింద రబ్బరు చుట్టు సరిగా ఆనడం లేదు.

కబురు చేస్తే థిబో మర్నాడే వచ్చాడు. వచ్చే ఆదివారం సరస్సు ఒడ్డున వేడుక. పత్రికలవాళ్లనీ, పెట్టుబడి పెట్టిన జ్యూరిక్ పెద్దమనుషుల్నీ పిలిచాడు. హుషారుగా ఉన్నాడు.

"యంత్రం ఏమంది?" అన్నాడు.

"పాసంది."

"మరింకేం?"

"లోతులో బాగానే ఆగుతోంది. అంత ఒత్తిడికి మూత అదుముకుని కూర్చుంటుంది. పైపైనే నీళ్లు తాగుతోంది. చేతులు కడుక్కుంటే చాలు."

థిబో ఒక నిట్టూర్పు విడిచి కుర్చీ లాక్కున్నాడు. "అంటే మునిగేవాళ్లకి బాధ లేదుగా."

"మునగాలన్నా ముందు పైనుంచే దిగాలి కదండీ."

"చూడండి మార్లీజ్ గారూ. నేను మునుగుతాను. నాతో మునిగేవాళ్లందరి చేతికీ కంప్యూటరే ఉంటుంది. వాచీ చూసుకుని గాలి లెక్కపెట్టుకునే రోజులు పోయాయి. దీన్ని కట్టుకుని జనం విందులకి వెళ్తారు. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు."

"వెళ్లనివ్వండి. తిన్నాక చేతులు కడుక్కోరా?"

అతనికి నవ్వు రాలేదు. సొట్ట తీసేస్తే సరిపోతుందా అని అడిగాడు. సరిపోతుంది, కానీ మూతలన్నీ కొత్తవి కావాలి, అవి వచ్చేసరికి చలికాలం దాటుతుందని ఆమె చెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆ సొట్టే ఈ వాచీకి ప్రాణమన్నాడు. ఆ తలుపు బొమ్మ వేసి పుస్తకం అచ్చు వేయించానన్నాడు, ఇంత గెలిచిన తలుపు ప్రపంచంలో ఇంకెక్కడా లేదన్నాడు.

ఇక దాచడానికి లేదు.

"ఆ తలుపు మీదున్నవి గెలిచినవి కావు," అంది మార్లీజ్. "కారినవి. ఎవరు బిగించిన వాచీ కారిందో వాళ్లే దాన్ని కొట్టి, తమ పేరు పెట్టుకున్నారు. ఆ పైనున్న మూడూ మా అమ్మవి."

థిబో తలుపు వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఫెర్నాఁ గారిని అడిగాను నేను."

"అడిగారు. ఆయన పైపు వెలిగించుకున్నాడు."

"అంటే వసంతం నుంచీ మీరందరూ..."

"అందరం. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను. అందుకు మీరేమన్నా అనండి, పడతాను. కానీ మా ఎకసెక్కానికి సోర్వాన్ పేరు కారకూడదు."

అతను లేచి కోటు తొడుక్కున్నాడు. తలుపు దాకా వెళ్లి, తలుపు చూడకుండా మాట్లాడాడు.

"ఆదివారం వేడుక ఆగదు. యంత్రం పాసన్నది, చట్టానికి అది చాలు. వాచీలు బాగున్నాయన్న కాగితం మీద సంతకం మీరు పెట్టనంటే బియెన్ పట్నంలో పెట్టేవాళ్లున్నారు. ఆ మాటకొస్తే కార్ఖానా కూడా బియెన్‌లో పెట్టుకోవచ్చు. పేరు నాది."

"పేరు మీదే," అంది మార్లీజ్. "సంతకం నాది. పెట్టను."

అతని కారు వెళ్లిపోయాక నూనో తన బల్ల మీంచి తల ఎత్తాడు. అంతా విన్నాడు. "అక్కా, సంతకం పెట్టెయ్యరాదూ?" అన్నాడు. "పిల్లలు ఇప్పుడిప్పుడే బడిలో కుదురుకున్నారు. బియెన్ అంటే మళ్లీ మొదటికొస్తాం."

మార్లీజ్‌కి కోపం రాలేదు. ఆ రొట్టెల కొట్టు, ఆ రెండో తరగతి గది, గోడ మీద కొత్త రంగు, అన్నీ తన ఒక్క చేతి కింద ఉన్నాయి. ఆ చెయ్యి ఒక్క గీత గీస్తే నిలుస్తాయి. కారే వాచీ మీద నిలుస్తాయి. ఎన్నాళ్లు నిలుస్తాయో ఆమెకి తెలుసు. లె లోక్ల్‌లో ఆ ప్లాస్టిక్ డబ్బాని ఇరవయ్యేళ్లకి పైగా చూసింది. అదే మాట నూనోతో అంది. మునుపోసారి మూతపడ్డాం, అప్పుడు మనల్ని చూసి ఎవరూ నవ్వలేదు, ఈసారి మూతపడితే కారి మూతపడ్డామంటారు, అది నాకిష్టం లేదు అంది. నూనో బల్ల వైపు తిరిగాడు.

మర్నాడు పొద్దున ఆమె వచ్చేసరికి అతను వేడి పళ్లెం ముందు నిలబడి ఉన్నాడు. తను బిగించిన వాచీలన్నీ గిన్నెలో వేసి చూశాడట. అవీ కారుతున్నాయట. ఆ ముక్క చెప్పి, ఎందుకోగాని మేకుల డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

ఆదివారం తాయ్యేర్ సరస్సు ఒడ్డున, గడ్డి బీడులో, ఆ లోయవాళ్లు శరదృతువులో చేసుకునే టోరే విందే ఏర్పాటు చేశారు. పెద్ద మంట వేసి, నిప్పులయ్యాక, క్యాబేజీ ఆకుల్లోనూ తడి కాగితంలోనూ చుట్టిన లావుపాటి సాసేజీల్ని బూడిదలో పూడ్చారు. ఊరంతా వచ్చింది. పట్నం నుంచి వచ్చినవాళ్లు మంచి బూట్లు పేడలో పడకుండా చూసుకుంటూ నిలబడ్డారు. నిప్పుల వెనక, ఫోటోల్లో పడేలా, ఆ తలుపు నిలబెట్టి ఉంది. థిబో మనుషులు ముందురోజే దాన్ని బందుల నుంచి ఊడదీసి తెచ్చారు. కార్ఖానా గుమ్మానికి దుప్పటి వేలాడుతోంది.

తలుపుని అలా బయట, ఎండలో, గడ్డి మీద చూసేసరికి మార్లీజ్‌కి తల్లిని నలుగురిలో తలదించుకుని నిలబెట్టినట్టు అనిపించింది. అయినా ఓర్చుకుంది. ఇంకా ఏమూలో ఆశ ఉంది. మనిషి మంచివాడు, వాచీ అంటే ప్రాణం పెడతాడు, నిజం తెలిశాక ఆ మాటలు మళ్లీ అనడు అనుకుంది. తలుపు గురించి ఏమీ అనకపోతే తనూ ఏమీ అనదు. సంతకం పెట్టదు, ఇంటికి వెళ్తుంది, అంతే.

థిబో మాట్లాడటానికి లేచాడు. చేతికి మొదటి వాచీ ఉంది. దాని మూత అతనే బిగించాడు. బిగింపు మొదలైన రోజున ఫోటోల కోసం, మార్లీజ్ పక్కన నిలబడి చూపిస్తుంటే, బిగించి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. తాత గురించి చెప్పాడు, సముద్రం గురించి చెప్పాడు, బాగా చెప్పాడు. తర్వాత తలుపు వైపు చెయ్యి చాపాడు. ఒక్క క్షణం ఆగాడు. మార్లీజ్ ఉన్న వైపు చూడకుండా, ఇది సోర్వాన్ విజయాల తలుపు అన్నాడు. లోతుల్ని జయించి వచ్చిన ప్రతి వాచీకీ ఇక్కడ ఒక గుర్తు ఉంది అన్నాడు.

వసంతంలో అన్నప్పుడు అది పొరపాటు. ఇప్పుడు అబద్ధం.

ఫెర్నాఁ పైపు నోట్లోంచి తీశాడు. తీసినవాడు మళ్లీ పెట్టుకోలేదు. మార్లీజ్ అప్పటికే నిప్పుల దగ్గరికి నడిచింది. సంచిలోంచి ఒక వాచీ తీసింది. ముందురోజంతా గిన్నెలో ఉంచినదే. నిప్పుల పక్కన వెచ్చబడ్డ చదును రాయి మీద పెట్టింది. సరస్సు దాకా వెళ్లి దోసిట్లో నీళ్లు తెచ్చింది. తెచ్చేసరికి దారిలో సగం కారిపోయాయి, ఒక్క చుక్క చాలు. జనం ఇది కూడా వేడుకలో భాగమనుకుని చుట్టూ మూగారు.

"ఇది నేను బిగించిన వాచీ," అంది. గొంతు పెంచలేదు. "చూడండి."

చుక్క వేసింది. అద్దం కింద తెల్లటి మబ్బు పట్టింది. ముందు వరసలో ఉన్న బూడిదరంగు కోటాయన, జ్యూరిక్ పెద్దమనిషి, వంగి చూసి ఇదేమిటన్నాడు. నీళ్లు అంది మార్లీజ్. లోపలికి వెళ్లకూడనివి అంది. ఆ తలుపు మీద ఉన్నవన్నీ ఇలాంటివే, అందులో మూడు మా అమ్మవి, ఒక్కటి కూడా గెలిచింది లేదు అంది.

ఆమె కట్టెలు కొట్టే మొద్దు మీద వాచీని బోర్లా పెట్టింది. తనకి భయంగా ఉందని ఆమెకి తెలుస్తోంది. సంచిలో మేకులతో పాటు తెచ్చుకున్న సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేసింది. మూత ఊడదీసి, తలుపు దగ్గరికి వెళ్లి, తల్లి అక్షరాల కింద మేకు కొట్టింది. తన అక్షరాలు గీసింది. బతుకంతా నీటి పరీక్షలు చేసి, తన పేరు ఒక చోట రాసుకోవడం అదే మొదటిసారి.

పక్కకి జరిగింది. నూనో వచ్చాడు. ఆమెని చూడలేదు, భార్యని చూడలేదు. తన వాచీ మొద్దు మీద పెట్టాడు. కొట్టాడు. మేకు దిగ్గొట్టాడు. వెళ్లి పిల్లల పక్కన నిలబడ్డాడు. ఊరివాళ్లు టోపీలు తీశారు. అది పాత కార్ఖానాలో అలవాటు, ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

థిబో ముందుకొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. ఆమెకి మాత్రమే వినపడేలా మాట్లాడాడు.

"ఏం చేశారో అర్థమవుతోందా? వీళ్లు రేపు డబ్బు వెనక్కి అడుగుతారు. రేపటినుంచి కార్ఖానా లేదు. మీరు మీ చేత్తోనే కూల్చారు."

"కూలితే కూలనివ్వండి," అంది మార్లీజ్. "నిజం చెప్పి కూలినదాన్ని మళ్లీ కట్టుకోవచ్చు. మీ చేతికున్నది ఎవరు బిగించారు?"

అతను చేతికున్న వాచీ వైపు చూసుకున్నాడు.

"మీరు బిగించారు. పక్కన నేనే ఉన్నాను. మీరు బిగించినదాన్ని నేను కొట్టకూడదు."

ఆమె సుత్తి పిడి అతని వైపు తిప్పి పట్టుకుంది. ఫెర్నాఁ ఎక్కడో వెనకనుంచి, జెనీవా చేతులకి సుత్తి బరువేమో పిల్లా, చిన్నది తెమ్మంటావా అన్నాడు. ఊరివాళ్లలో ఒకరిద్దరు ముసిముసిగా నవ్వారు.

థిబో వాచీ విప్పాడు. అది కారుతుందో లేదో చూద్దామని కూడా అనలేదు. ఆ ఉదయమే చేతులు కడుక్కున్నప్పుడు చూసుకుని ఉంటాడు. అద్దం ఒక మూల సన్నగా మసక ఉంది, మార్లీజ్ కంట పడింది. దాన్ని మొద్దు మీద పెట్టి, సుత్తి లాక్కుని, కోపంగా కొట్టాడు. ఆమె మీద కోపం, పైపు ముసలాయన మీద కోపం, వసంతం నుంచీ నవ్విన ఊరి మీద కోపం, అన్నీ కలిపి ఒకే దెబ్బ వేశాడు. మొద్దు అదిరింది. అదే ఊపులో మూత ఊడదీసి తలుపుకి మేకు కొట్టేశాడు.

పత్రికలవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఇదేదో పాత ఆచారం, యజమాని కూడా పాలుపంచుకున్నాడు అనుకున్నారు పాపం. కెమెరాలు క్లిక్కుమన్నాయి. థిబో వాళ్ల వైపు తిరిగాడు. ఆ చప్పట్లు తీసుకుని జేబులో వేసుకోవచ్చు. ఒక చిరునవ్వు చాలు, మిగతా అబద్ధం దానంతటదే నడిచిపోతుంది. మార్లీజ్ అతన్నే చూసింది. సుత్తి దెబ్బ కంటే ఆమెకి ఆ క్షణమే ఎక్కువ భయం వేసింది.

"చప్పట్లు కొట్టకండి," అన్నాడు థిబో. "ఇది వేడుక కాదు. వాచీ కారింది. ఆవిడ చెప్పిందే నిజం, నేను ఇందాక చెప్పింది కాదు. ఇవాళ అమ్మకానికి ఏమీ లేదు."

బూడిదరంగు కోటాయన గొంతు సవరించుకుని, మరి ఎప్పటికి ఉంటుందని అడిగాడు. థిబో జవాబు కోసం మార్లీజ్ వైపు చూశాడు.

"అవి కారడం మానినప్పుడు," అంది ఆమె.

ఆయన బుర్ర గోక్కున్నాడు. కాసేపటికి జ్యూరిక్ కార్లలో కొన్ని వెళ్లిపోయాయి, కొన్ని ఉన్నాయి. ఉన్నవాళ్లు సాసేజీల కోసం ఉన్నారో, వాచీ కోసం ఉన్నారో చెప్పడం కష్టం. బూడిదలోంచి తీసి కాగితాలు విప్పగానే ఘుమఘుమలాడిపోయింది. ఫెర్నాఁ సీసా తీసి గ్లాసుల్లో పోశాడు. సోంపు సారాలో నీళ్లు పడి తెల్లబడుతుంటే, దీనికి మాత్రం మబ్బు పట్టాల్సిందే అన్నాడు. మొదటి గ్లాసు థిబోకి ఇచ్చాడు. థిబో తీసుకున్నాడు, థాంక్స్ చెప్పలేదు. ఊరి మీద అతని కోపం ఇంకా ఉంది, ఉండాల్సిందే కదా అనుకుంది మార్లీజ్.

తలుపుని అక్కడే వదిలేసి వెళ్లడానికి ఆమె ఒప్పుకోలేదు. తినడం అయ్యాక నూనో, ఆమె, ఇద్దరు ఊరివాళ్లు ఎత్తబోయారు. నాలుగో మూల పట్టుకోవాల్సినవాణ్ణి పక్కకి తప్పించి థిబో వంగాడు. ఎత్తు జెనీవా, బూట్లు తర్వాత కడుక్కోవచ్చు అన్నాడు ఫెర్నాఁ. బీడు దాటి, రోడ్డు ఎక్కి, కార్ఖానా దాకా మోశారు. సోమవారం ఈ గుమ్మంలోంచి ఎవరు లోపలికి వస్తారో, అసలు ఎవరైనా వస్తారో లేదో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కూడా. దుప్పటి తీసి, తలుపుని బందులకి తగిలించారు.

థిబో తన మూతకి మేకు కొట్టింది సరస్సు ఒడ్డునే, ఆ కోపంలోనే. రెండు అక్షరాలు కూడా మేకు మొనతోనే గీశాడు. మేకు వంగి, మూత ఒక పక్కకి ఒరిగి ఉంది. అన్నేళ్ల వరసల్లో అదొక్కటే వంకర. నూనో చూసి, సరిచేద్దామని జేబులోంచి పట్టకారు తీశాడు.

మార్లీజ్ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీ," అంది. "అది ఆయనది."